మణికట్టు మీద మూడు వేళ్ళు

ఇరవై. నిమిషానికి ఊపిరి మళ్ళీ ఇరవయ్యే. నానమ్మ చెయ్యి వదిలి దుప్పటి మీద మెల్లగా పెట్టాను. గోడ గడియారం మూడుంబావు చూపిస్తోంది, నా ఛాతీ మీద తలకిందులుగా వేలాడే నర్సింగు స్కూలు వాచీ మూడూ పదిహేడంటోంది, రెంటిలో ఏది నిజమో ఎవరికీ తెలీదు, ఏదైతేనేం, నాలుగు దాటగానే మసీదు నుంచి అస్ర్ అజా వినిపిస్తుంది, నమాజు చదివాక బోటు తాడు విప్పే ముందు నాన్న ఫోన్ చేస్తాడు. పొద్దున గుమ్మంలో చెప్పులు వేసుకుంటూ అన్నాడు, "ఇంట్లో చదువుకున్నదానివి నువ్వొక్కదానివే షురూక్, ఎక్కువ మాటలొద్దు, అంకె చెప్పు చాలు, ఇరవై అంటే వెళ్తాను, పెరిగిందంటే సంచీ భుజానేసుకుని దిగిపోతాను." వెళితే నలభై రోజులు. తాతయ్య పోయినప్పుడు కూడా నాన్న నీళ్ళ మీదే ఉన్నాడు, వచ్చేసరికి గోరీ మీద మట్టి ఎండి నెర్రెలిచ్చింది, ఆ నెర్రెల్లో వేళ్ళు పెట్టి కూర్చున్నాడట సాయంత్రం దాకా, ఎవరు పిలిచినా లేవలేదట, అప్పటికి నేను పుట్టలేదు కానీ ఆ మాట మా ఇంట్లో ఎన్నిసార్లు విన్నానో, వాళ్ళమ్మ విషయంలో మాత్రం అలా జరగనివ్వనని నాన్న ఎన్నిసార్లు అన్నాడో. మా అమ్మ ఉంటే బాగుండేది, అమ్మ బల్తీమ్‌లో తన చెల్లెలి పురిటికి వెళ్ళింది. ఇప్పుడు నాన్న వెళ్ళడమూ ఆగడమూ నా నాలుక మీద ఉంది. నాకు పదిహేడేళ్ళు. రేపు స్కూల్లో ప్రాక్టికల్ పరీక్ష కూడా ఉంది, ఏం పరీక్షో, ఏం బతుకో.

మూడు వేళ్ళు పెట్టాలి, బొటనవేలు పెట్టకూడదు, బొటనవేలికి తన నాడి తనకే ఉంటుంది. స్కూల్లో మొదటి ఏడాది మా టీచరు మిస్ అవాతిఫ్ నా చేతి మీద చిన్న దెబ్బ వేసి చెప్పింది, "రోగి గుండె చూడమంటే నీ గుండె నువ్వే లెక్కపెట్టుకుంటున్నావే మొద్దూ!" ఆ తర్వాత క్లాసులో అందరూ ఒకళ్ళ చెయ్యి ఒకళ్ళు పట్టుకుని కూర్చుంటే బ్లాక్‌బోర్డు దగ్గర నిలబడి, గొంతు తగ్గించి, ఇంటి గుట్టు చెబుతున్నట్టు చెప్పింది, ఊపిరి లెక్క మాత్రం రోగికి తెలియనివ్వకండి, తెలిసిందా ఊపిరి మారిపోతుంది, పెళ్ళిచూపుల్లో పిల్ల నడకలా సర్దుకుంటుంది, అందుకని నాడి చూస్తున్నట్టే మణికట్టు పట్టుకోండి, కళ్ళు మాత్రం ఛాతీ మీద పెట్టండి, అరవై సెకన్లూ పూర్తిగా. అబద్ధమాడమని టీచరే చెప్పడం నాకు భలే నచ్చింది. ఆ రోజే ఇంటికొచ్చి నానమ్మ మీద ప్రయోగం చేశాను, చలికాలం, ఆవిడ గుమ్మంలో ఎండకి కూర్చుని రేవు నుంచి వచ్చిన చిరిగిన వల బాగుచేస్తోంది, ముడి వేసి లాగుతుంది, ముడి వేసి లాగుతుంది, యాభై ఏళ్ళ నుంచీ అదే పని. ఆగమని చెయ్యి పట్టుకుని లెక్కపెట్టి, అయిపోయాక కడుపులో మాట దాచుకోలేక అసలు సంగతంతా చెప్పేశాను. నవ్వీ నవ్వీ ఆవిడకి దగ్గొచ్చింది. "చెయ్యి పట్టుకుని గుండెల మీదికి చూడ్డమా! ఒసే, ఇది దొంగచూపు కదే! ఇందుకా ప్రభుత్వం మీకు తెల్లకోటు కుట్టించింది?"

పాదాలు చూశాను. కాలి ముందు ఎముక మీద బొటనవేలితో నొక్కి తీస్తే గుంట అలాగే ఉండిపోయింది, మెత్తని పిండిలో వేలు పెట్టినట్టు, నిన్నటికంటే పైదాకా. మడమలు ఎర్రబడలేదు, నడుము కిందా తోలు చెడలేదు, రెండు గంటలకొకసారి నేనే ఒత్తిగిలిస్తున్నాను, మోకాళ్ళ మధ్య దిండు, వీపు కింద మూడు దిండ్లు, పక్కదుప్పటి ముడతల్లేకుండా మూలలు మడిచి తోశాను, మిస్ అవాతిఫ్ చూస్తే తలూపేది. ఆస్పత్రివాళ్ళు పోయిన నెల పంపేశారు, గుండె అలిసిపోయింది, మాత్రలు వేయండి, ఇంట్లో మనుషుల మధ్య ఉంచుకోండి అన్నారు, మళ్ళీ అక్కడికి తీసుకెళ్తే కాలువలో దూకుతానని నానమ్మ ఒట్టు పెట్టుకుంది, కాలువ దాకా నడిచే ఓపికే లేనిది. ఇంత ఉక్కలో మందపాటి బొంత గడ్డం దాకా కప్పమంటుంది. ఫ్యాను పెద్దది చెయ్యమంటుంది, గరగర చప్పుడు. కిటికీ వైపు తిరిగి చదువుకోమంటుంది, రేపు పరీక్ష కదే, నా ముఖంలో ఏం రాసుందని చూస్తావు అంటుంది. ముసలితనం, పోనీలే అనుకుంటాను. ఒక్కటి మాత్రం నన్ను భయపెడుతోంది, నేను కుడిచెయ్యి పట్టుకున్నప్పుడల్లా ఎడంచేతి వేళ్ళు దుప్పటి మీద ఏదో గిల్లుతుంటాయి, ఏరుతుంటాయి. పుస్తకంలో ఉంది, చివరి రోజుల్లో రోగి చేతులు దుప్పట్లు పీకుతుంటాయని. ఆ పేజీ నేను రెండోసారి చదవలేదు.

ఇహ్సాన్ అత్త కింద నుంచి సోంపు కషాయం తీసుకుని మెట్లెక్కి వచ్చింది, నాన్నకి అక్క, మనిషి లావు, మెట్టుకో మాట అంటూ ఎక్కుతుంది. "ఏమంటుంది మా డాక్టరమ్మ? లెక్క సరిపోయిందా, ఇంకా కూడుతున్నావా?" అంది. ఇరవై అత్తా అన్నాను. "అదుగో, ఆరోగ్యంగా ఉంది! నాకే మెట్లెక్కితే నలభై వస్తుంది, నన్ను పడుకోబెట్టండి ముందు." నానమ్మ కళ్ళు మూసుకునే నవ్వింది, నవ్వు ముఖం దాకానే వచ్చింది, గొంతు దాకా రాలేదు. అత్త గ్లాసు బల్ల మీద పెట్టి, వాళ్ళమ్మ జుట్టు రెండుసార్లు నిమిరి, నా వైపు చూడకుండా అడిగింది, "మా తమ్ముడు మెత్వల్లిని వెళ్ళనివ్వచ్చు కదే? పోయినసారీ ఆస్పత్రి గొడవల్లో వెళ్ళలేదు, బోటు నడిపే సరంగు ఈసారి వాడి చోటు ఇంకెవరికైనా ఇచ్చేస్తాడు." వెళ్ళనివ్వచ్చు అన్నాను. ఎంత ధైర్యంగా అన్నానో! అత్త దిగిపోయింది. నాకు ఉన్నట్టుండి ఏడుపొచ్చింది, ఎందుకో తెలీలేదు, పుస్తకం ముఖానికి అడ్డం పెట్టుకున్నాను.

ఎందుకో తెలుసు, తెలీదని అబద్ధమెందుకు, ఇరవై అనే అంకె వినగానే నాకు వార్డు గుర్తొస్తుంది. పోయిన వేసవి, ఆడవాళ్ళ వార్డులో పద్నాలుగు మంచాలు, నేనూ నా క్లాసు పిల్ల నస్మా డ్యూటీ. జ్వరం కొలవడానికి థర్మామీటరు కావాలి, రక్తపోటుకి మిషను కావాలి, ఊపిరికి మాత్రం ఏదీ అక్కర్లేదు, ఒక్క నిమిషం కూర్చుంటే చాలు, అందుకేనేమో దానికే ఎవరూ కూర్చోరు. ఛార్టులో ఆ గడి వచ్చేసరికి పెద్ద నర్సులు ఇరవై రాసేవాళ్ళు, నస్మా ఇరవై రాసింది, నేనూ రాశాను, పద్నాలుగు మంచాలకీ పద్నాలుగు ఇరవైలు, చేతిరాత కూడా ముచ్చటగా. మిస్ అవాతిఫ్ ఛార్టులు తిరగేసి నన్ను తొమ్మిదో మంచం దగ్గరికి తీసుకెళ్ళింది. మంచం ఖాళీ. అక్కడి రోగిని పొద్దున్నే ఆపరేషనుకి తీసుకుపోయారు. "చూడమ్మా షురూక్, ఈ పరుపు నిమిషానికి ఇరవై సార్లు ఊపిరి తీస్తోందట, నువ్వే రాశావు. కూర్చుని నాకూ చూపించు." వార్డంతా నవ్వింది, రోగుల బంధువులు కూడా. నాకు తల తీసేసినట్టయింది. ఆ పైన ప్రతి మంచం పక్కనా ఒక్కో నిమిషం కూర్చోబెట్టింది, నాలుగో మంచం మీద గిజా నుంచి వచ్చిన ఒక ముసలావిడ, ఎవరినీ ఏమీ అడగని మనిషి, లెక్కపెడితే ముప్ఫై నాలుగు. మూడు రోజులుగా ఆవిడ ఛార్టులో ఇరవయ్యే ఉంది. డాక్టర్లు పరిగెత్తుకొచ్చారు, గొట్టాలు పెట్టారు, రెండో రోజు పోయింది. మిస్ అవాతిఫ్ నన్ను తిట్టలేదు, తిడితే బాగుండేది. "ఇరవై అంటే అంకె కాదమ్మా, నేను చూడలేదు అని రాయడం" అంది, ముఖం కడుక్కోమని పంపింది.

కానీ ఇప్పుడు చూశాను కదా! అరవై సెకన్లూ చూశాను, పొద్దుటి నుంచి అయిదుసార్లు, బొంత కిందికి తీసి, కళ్ళు ఛాతీ మీదే పెట్టి, అయిదుసార్లూ ఇరవయ్యే వచ్చింది. కాళ్ళలో నీరు పైకెక్కుతోంది, పెదవుల చివర్లు నల్లబడుతున్నాయి, గోరు నొక్కి వదిలితే గులాబీ రంగు తీరిగ్గా వస్తోంది, అయినా ఊపిరి మాత్రం ఇరవై. ఒక్కసారి పంతొమ్మిదీ రాదు, ఇరవై ఒకటీ రాదు.

నీళ్ళు తెమ్మంది. కూజా అడుగంటింది, వంటగదిలోకి వెళ్ళి నింపుకుని వస్తూ నడవలో ఆగాను. బీరువా తలుపుకున్న అద్దంలో మంచం కనిపిస్తోంది. నానమ్మ బొంత తోసేసుకుంది. నోరు తెరిచి ఉంది, భుజాలు చెవుల దాకా లేస్తున్నాయి, ముక్కుపుటాలు అదురుతున్నాయి, మెడ కింద గుంట లోపలికి పీక్కుపోతోంది, గబగబా, గబగబా, మధ్యలో హఠాత్తుగా ఆగిపోయింది, ఏమీ లేదు, ఫ్యాను చప్పుడొక్కటే, నేను అడుగేయబోయాను, మళ్ళీ మొదలైంది. చేతిలో కూజా, ఛాతీ మీద వాచీ, నా ప్రమేయం లేకుండానే నా కళ్ళు ముల్లు మీదికి వెళ్ళాయి. ముప్ఫై ఆరు. మధ్యలో ఆగిపోయినా ముప్ఫై ఆరు.  చెప్పుల చప్పుడు చేస్తూ గదిలోకి నడిచాను, అద్దంలో ఆవిడ నోరు మూసుకుంది, బొంత పైకి లాక్కుంది. కూర్చుని మణికట్టు పట్టుకున్నాను. ఎడంచేతి వేళ్ళు కదలడం మొదలుపెట్టాయి, ఈసారి ఛాతీ వదిలి ఆ వేళ్ళ వైపు చూశాను. గిల్లడం కాదు అది. పీకడం కాదు. ముడి వేసి లాగుతోంది. ముడికి లోపలికి, లాగితే బయటికి, నిమిషానికి ఇరవై ముడులు, యాభై ఏళ్ళ అలవాటు, తప్పమన్నా తప్పవు. లేని వల అల్లుతూ దాన్ని పట్టుకుని ఊపిరి తీస్తోంది.

నేనే నేర్పాను. ఎండలో కూర్చుని పగలబడి నవ్వుతూ నేనే చెప్పాను, తెలిస్తే మారిపోతుందని.

"నానమ్మా," అన్నాను, "నువ్వు నన్ను మోసం చేస్తున్నావు."

కళ్ళు తెరవలేదు. పెదవి చివర కొంచెం కదిలింది. "దొంగచూపు... ఎవరిదే... ముందు?" మాటకో ఊపిరి. ఇక దాచుకునే ఓపిక లేనట్టు భుజాలు వదిలేసింది.

"నాన్నకి చెప్పేస్తాను."

"చెప్పకు." రెండు మూడు ఊపిరులు లాక్కుంది. "వాడు... చూడలేడే."

"ఏం చూడలేడు?"

"చేపని."

ఆ ఒక్క మాటే అంది, మిగతాదంతా నాకు తెలుసు, ఈ వాడలో తెలియనివాళ్ళెవరు. నాన్నకి తొమ్మిదేళ్ళప్పుడు తాతయ్య మొదటిసారి బోటెక్కించాడు, వల గుమ్మరించగానే చేపలు నోళ్ళు తెరుస్తూ మూస్తూ కొట్టుకుంటుంటే నాన్న ఏడ్చుకుంటూ ఒక్కొక్కటే తీసి నీళ్ళలోకి విసిరేశాడు, తాతయ్య చెంప మీద కొట్టేదాకా విసురుతూనే ఉన్నాడు. ఇప్పటికీ కుప్ప పడగానే ముందు తడిగోనె తెచ్చి కప్పుతాడు, బోటు మీదివాళ్ళు మా పేట దాకా వినబడేలా ఎగతాళి చేస్తారు, చేపలకి దుప్పటి కప్పే మెత్వల్లి అని. నానమ్మ నా వేళ్ళు పట్టుకుంది, పట్టులో బలం లేదు. "ఇలా చూశాడంటే... ఇంక వల... వెయ్యలేడు. వెళ్ళనీ. వచ్చాక... మట్టి చూసుకుంటాడు. మట్టి... నోరు తెరవదు."

మిస్ అవాతిఫ్, ఇది మీరు చెప్పలేదు. రోగి మాట వినాలని ఒక పేజీలో చెప్పారు, చూసిందే రాయాలని ఇంకో పేజీలో చెప్పారు, రెండూ నాకు నోటికొచ్చు, రేపు అడిగితే గడగడా అప్పజెబుతాను, రెండూ ఒకే మంచం మీద పడుకుంటే ఏం చెయ్యాలో ఎక్కడా లేదు. ఇరవై అంటే ఆవిడ కోరుకున్నది జరుగుతుంది, నాన్న జన్మలో నన్ను క్షమించడు, నన్నెందుకు, తనని తానే క్షమించుకోడు, రెండోసారి ఎండిన మట్టి ముందు కూర్చుంటాడు. ముప్ఫై ఆరు అంటే వస్తాడు, వచ్చి చూస్తాడు, మరి ఆవిడ ఇన్ని ముడులు వేసింది ఎందుకు. కోపమొచ్చింది నాకు, ఇద్దరి మీదా, అంత పెద్దవాళ్ళు ఒకరితో ఒకరు మాట్లాడుకోకుండా మధ్యలో నన్ను పెట్టారు. పారిపోవాలనిపించింది. బల్తీమ్ బస్సెక్కి అమ్మ దగ్గరికి పోయి దుప్పటి ముసుగేసుకోవాలనిపించింది.

అజా మొదలైంది, ముందు పెద్ద మసీదుది, దాని వెనకే రేవు మసీదుది, ఒకదాని మీద ఒకటి. నానమ్మ పెదవులు కదిలాయి. తడిగుడ్డతో నోరు తుడిచాను, నాలుక ఎండిపోయి ఉంది, రెండు చుక్కలు నీళ్ళు పోశాను. నేను నమాజుకి లేవలేదు, దేవుడు క్షమించుగాక, వాచీ చూస్తూ కూర్చున్నాను. పావుగంటకి ఫోన్ మోగింది. ఇంజను చప్పుడు, ఎవరివో కేకలు, వాటి మధ్య నాన్న గొంతు. "చెప్పు తల్లీ. తాడు నా చేతిలోనే ఉంది. ఎంత?"

నానమ్మ తనంతట తానే చెయ్యి దుప్పటి మీద నుంచి జానెడు పైకెత్తి నాకు మణికట్టు అందించింది.  ఒక్క నిమిషం నాన్నా అని, పట్టుకున్నాను, మూడు వేళ్ళు, వాచీ. ముడి, లాగు. ముడి, లాగు. నుదుటి మీద చెమట బొట్లు పేరుకున్నాయి, మెడ నరాలు ఉబ్బాయి, ఒక్కటి తప్పలేదు. ఇరవై. ఆ వల చేతిలోకి తీసుకుని చూస్తే ఒక్క కన్ను కూడా వంకర ఉండదు. "అయిపోయింది నానమ్మా" అని చెయ్యి దుప్పటి మీద పెట్టాను. ఆవిడ వదిలేసింది. ఒక్కసారిగా అంతా వదిలేసింది, నోరు తెరుచుకుంది, భుజాలు లేచాయి, గబగబా, గబగబా. నేను నాన్నకి ఏ అంకే చెప్పలేదు. చప్పుడు కాకుండా ఫోన్ తీసుకెళ్ళి ఆవిడ దిండు మీద, నోటికి బెత్తెడు దూరంలో పెట్టి పట్టుకున్నాను. లెక్కపెట్టుకో నాన్నా, నువ్వే లెక్కపెట్టుకో, నేను చిన్నపిల్లని. ఊపిరి ఆగిపోయిన చోట ఫోన్లోంచి ఇంజను మోత వినిపించింది. మళ్ళీ మొదలైంది. కొంతసేపటికి ఫోన్ తనే ఆగిపోయింది.

"ఏం చెప్పావే?"

"ఇరవై అని."

"బంగారుతల్లివి" అంది. రేవు వైపు నుంచి బోటు హారన్ మూడుసార్లు మోగింది. నానమ్మ కంటి కొసన నీళ్ళు చెవిలోకి జారాయి. "వెళ్ళాడు" అంది. అవును, వెళ్ళాడు అన్నాను. నాకు మాత్రం ఏం తెలుసు. దిగాడో, దిగబోతే సరంగు తిట్టి ఆపేశాడో, నా మీద కోపంతో తాడు విప్పేశాడో. రేవు నుంచి ఇంటికి పది నిమిషాలు, పరిగెత్తితే అయిదు, అయిదూ అయిపోయాయి, పదీ అయిపోయాయి, ప్రాణం ఉసూరుమంది. కింద అత్త గొంతు ఏదో అనబోయి ఆగిపోయింది. చెప్పుల్లేని కాళ్ళు మెట్లెక్కుతున్నాయి.

నడవలోకి ఎదురువెళ్ళి వేలు పెదవుల మీద పెట్టుకున్నాను. సంచీ భుజాన అలాగే ఉంది, చేతులకి తాడు పీచు, ముఖం చూడలేకపోయాను. కొక్కేనికున్న అత్త శాలువా తీసి, ఆవిడ ముఖం అందులో కనబడకుండా బీరువా అద్దం మీద కప్పాను. నాన్న ఆ శాలువా వైపు చూశాడు, నా వైపు చూశాడు, అర్థమైంది. "ముందుకి రాకు, వెనక నుంచి రా, ఆవిడ ముఖం చూడకు, వీపుకి ఆనుడు కావాలి, అంతే" అన్నాను చెవిలో, మిస్ అవాతిఫ్ ఎలా చెబుతుందో అచ్చం అలాగే, పని మాత్రమే చెప్పాను. దిండ్లు ఒక్కొక్కటే లాగేసి నానమ్మని పట్టుకున్నాను, నాన్న మంచం తలవైపు ఎక్కి కాళ్ళు చాపుకుని కూర్చుని ఆవిడ వీపుని ఛాతీ మీదికి తీసుకున్నాడు. నిటారుగా కూర్చుంటే ఊపిరికి కొంచెం సులువు, అది పుస్తకంలో ఉంది.

డీజిలూ ఉప్పూ వాసన ఆవిడకి తెలియకుండా ఉంటుందా. ఎడంచెయ్యి ముడి వేయబోయి ఆగింది. చాలాసేపు ఆగే ఉంది. తర్వాత ఆ చెయ్యి వెనక్కి వెళ్ళి, తడుముకుని, నాన్న మోకాలు మీద వాలింది. తల తిప్పలేదు. నాన్న గడ్డం ఆవిడ నడినెత్తి మీద ఆనించి కళ్ళు గట్టిగా మూసుకున్నాడు. ఊపిరి సర్దుకోవడం మానేసింది, ఎలా వస్తే అలా వస్తోంది, నోరు తెరిచే ఉంది, ఆవిడకి ఎదురుగా ఉన్నది నేనొక్కదాన్నే.

"దొంగపిల్లా," అంది నాతో. "ఎంత... ఇప్పుడు?"

"ముప్ఫై ఎనిమిది, నానమ్మా."

"అంతేనా," అంది, "ఇంకా... ఎక్కువనుకున్నా."

నాన్న ముఖం ఆవిడ భుజం మీద దాచుకున్నాడు. నేను వాచీ సరిచేసుకుని, ఎవరి చెయ్యీ పట్టుకోకుండా, మళ్ళీ మొదటి నుంచి లెక్కపెట్టడం మొదలుపెట్టాను.